వీల్ బేరింగు
వీల్ బేరింగు మోటారు వాహనపు చక్రమును తక్కువ ఘర్షణతో తిరగనిచ్చు భాగము. లోపలి, వెలుపలి ఉక్కు వలయముల నడుమ గుండ్లు గాని రోలర్లు గాని గ్రీజులో దొర్లుతుంటాయి. బండి ఇరుసుకు గుండ్ల బేరింగు అమర్చు పద్ధతికి వేల్స్ దేశస్థుడు ఫిలిప్ వాన్ 1794లో పేటెంటు పొందాడు.

అరుగుదల లక్షణాలు

సీలు చెడి నీరు, దుమ్ము చేరినచో బేరింగు త్వరగా అరుగుతుంది. వేగముతో పాటు హెచ్చు గుర్రుమను శబ్దము ముఖ్య లక్షణము. జాకీపై ఎత్తిన చక్రమును పైన, క్రింద పట్టి ఊపినచో కదలాట కనిపించవచ్చు. బాల్ జాయింటు అరిగినను ఇట్లే కదులుతుంది.

మార్చు విధానము

చక్రము నేలపై ఉండగానే ఇరుసు నట్టును వదులు చేసి, ఆపై కారును ఎత్తి స్టాండ్లపై నిలపవలెను. జాకీ ఒక్కదానినే నమ్మరాదు. విప్పిన బ్రేకు కాలిపరును గొట్టముతో వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. హబ్బుతో కలిసి బోల్టులతో బిగించు రకమును ఇంటివద్ద మార్చవచ్చు. నకిల్‌లోనికి నొక్కి దించు రకమునకు ప్రెస్సు అవసరము.

జాగ్రత్తలు

నకిల్‌లోనికి దించునపుడు వెలుపలి వలయముపై మాత్రమే నొక్కవలెను. లోపలి వలయముపై నొక్కినచో, సుత్తితో కొట్టినచో ఆ బలము గుండ్ల ద్వారా ప్రసరించి వలయములలో సొట్టలు పడతాయి. కొత్త బేరింగు కూడ కొద్దికాలములోనే శబ్దము చేస్తుంది. ఇరుసు నట్టును తయారీదారు సూచించిన మేరకు టార్కు రెంచితో బిగించవలెను. పూర్తిగా చెడిన బేరింగుతో నడిపినచో చక్రము బిగుసుకొనుట, ఊడిపోవుట సంభవించవచ్చు.