తాతయ్య ట్రాక్టర్ ఇంజిన్ అసలు రంగేంటి?

ఈ ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన ఒక గొడవతో మొదలైంది.

పోయిన సంక్రాంతికి ఊరికెళ్ళా. పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డులో మా తాతయ్య పాత మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్ ఉంది. చాలా ఏళ్ళుగా కదల్లేదు. బాబాయ్ పాత ఇనుము కింద అమ్మేద్దామన్నాడు. నేను బాగు చేయిద్దామన్నా. చివరికి సరే అన్నారు. పెయింటర్ వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇంజిన్‌కి ఏం రంగు కొట్టమంటారు?" అన్నాడు.

బాబాయ్: "ఎరుపే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఎరుపే."

తాతయ్య మంచం మీద నుంచే: "కాదురా. నేను కొన్నప్పుడు ఇంజిన్ బూడిద రంగు."

పెయింటర్‌కి ఇదంతా అనవసరం. సాయంత్రానికల్లా గీకేసి, ప్రైమర్ వేసి, ఎరుపు కొట్టేస్తానన్నాడు. నేను ఆపేశా. ఎందుకంటే ఒక్కసారి గీకేశాక ఇద్దరిలో ఎవరిది రైటో ఇక ఎప్పటికీ తేలదు. ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ ఒక్కసారే ఉంటుంది. పోతే పోయినట్టే.

ముందు ఈ రంగుల వెనక కథ చెప్తా. ఫెర్గూసన్ అనే కంపెనీ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా టీఈ20 అనే చిన్న ట్రాక్టర్ తయారు చేయించింది. 5 లక్షలకు పైగా తయారయ్యాయి. బానెట్, ఇంజిన్, చక్రాలు అన్నీ బూడిద రంగే. మరోపక్క కెనడాలో మాసీ హారిస్ అని ఇంకో కంపెనీ. వాళ్ళ ట్రాక్టర్లు ఎర్రగా ఉండేవి. 1953లో రెండూ కలిసిపోయాయి. 1956లో వచ్చిన కొత్త ఫెర్గూసన్ 35కి బానెట్ బూడిద రంగు, ఇంజిన్ మాత్రం కంచు రంగు. ఏడాది దాటిందో లేదో, 1957 చివర్లో మళ్ళీ మార్చేశారు. బానెట్‌కి మాసీ వాళ్ళ ఎరుపు, ఇంజిన్‌కి ఫెర్గూసన్ వాళ్ళ బూడిద. అంటే రెండు కంపెనీల పెళ్ళి ఆ ట్రాక్టర్ ఒంటి మీదే కనపడుతుంది. 1958లో కంపెనీ పేరు కూడా మాసీ ఫెర్గూసన్ అయింది.

మనవైపు కథ 1960లో మొదలు. ఆ ఏడాది మద్రాసులో టాఫే పుట్టింది, మాసీ ఫెర్గూసన్ సహకారంతో. ఇవాళ్టికీ మన ఊళ్ళల్లో తిరిగే 1035 ఆ 35 వంశమే. 1967లో సాగర్ కుడి కాలువకి నీళ్ళొదిలారు. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పత్తికీ మిరపకీ దుక్కులు పెరిగాయి. మా తాతయ్య 1970లలో దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు.

మరి ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? దసరా! ఆయుధ పూజకి ముందు బండికి రంగు వేయించడం మనకి అలవాటు. ఒక డబ్బా ఎరుపు తెస్తారు, బానెట్‌తో మొదలుపెట్టి ఇంజిన్ మీద కూడా లాగించేస్తారు. విడిగా ఇంకో డబ్బా ఎవడు కొంటాడు?

సరే, అసలు రంగు ఎలా కనిపెట్టాలి? స్ప్రే గన్ చేరని చోట్లు వెతకాలి. ఇంజిన్ నంబర్ ప్లేటు వెనక, డైనమో బ్రాకెట్ చాటున, డీజిల్ ఫిల్టర్ వెనక, సెల్ఫ్ మోటార్ కింద. ఏళ్ళ తరబడి గట్టిపడిన గ్రీజు, మట్టి చూసి తిట్టుకోకండి, అదే పెయింట్‌ని కాపాడుతుంది. చెక్కముక్కతో మెల్లగా లాగి, కిరసనాయిలు గుడ్డతో తుడవండి. థిన్నర్ వద్దు, అసలు పొరనే కరిగించేస్తుంది.

తర్వాత రూపాయి బిళ్ళంత చోట వాటర్ పేపర్‌ని తడిపి గుండ్రంగా రుద్దాలి. ఒక్కో పొర అరిగేకొద్దీ ఉల్లిపాయ కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. పైన ఉన్నది కొత్తది, లోపలికి వెళ్ళేకొద్దీ పాతది. పొడిగా మాత్రం గీకొద్దు. పాత పెయింట్లలో సీసం ఉండేది, ఆ దుమ్ము పీల్చకూడదు. మాస్కు పెట్టుకోండి.

మాకు వరసగా వచ్చింది ఇది: ఎరుపు, దాని కింద ఇంకో ఎరుపు, తర్వాత సిల్వర్, ఆ కింద పసుపు కలిసిన గోధుమ రంగు, చివర్న ప్రైమర్.

ఆ గోధుమ రంగు చూడగానే నేను ఎగిరి గంతేశా. "కంచు రంగు! ఇది 1957కి ముందు బండి!" అని వీడియో కూడా తీసేసుకున్నా. తప్పు. నేను రుద్దింది సైలెన్సర్ పక్కన. అక్కడ వేడికి పెయింట్ మాడుతుంది, డీజిల్ మరకలు ఇంకుతాయి, పాత నూనె పెయింట్ ఎలాగూ పసుపెక్కుతుంది. అదే పొరని రెండో వైపు, వేడి తగలని డైనమో బ్రాకెట్ చాటున చూస్తే చక్కగా బూడిద రంగు. అందుకే ఒక్క చోట చూసి తీర్పు చెప్పకూడదు. కనీసం మూడు చోట్లు చూడాలి.

ఇంకో సాక్ష్యం వాషర్లు. ఒక బోల్టు ఊడదీశాం. వాషర్ కింద రంగు లేదు, బోల్టు తల మీద, ప్యాకింగ్ అంచు మీద మాత్రం అదే బూడిద పొర ఉంది. అంటే అన్నీ బిగించేసిన తర్వాతే ఆ రంగు కొట్టారు, ఆ బోల్టు తర్వాత కదల్లేదు. వాషర్ కింద కూడా రంగు ఉంటే, ఆ భాగానికి బిగించక ముందే రంగు వేశారన్నమాట. ఎవరో మధ్యలో ఇంజిన్ విప్పారేమో అని అనుమానించాలి.

ఇంజిన్ మారిందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. అంబాసిడర్ ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పాత అంబీలో 1489 సీసీ ఇంజిన్ బ్రిటన్ బీఎంసీ వాళ్ళ బీ సిరీస్. అదే కుటుంబం ఇంజిన్ ఎంజీబీ స్పోర్ట్స్ కారులో కూడా ఉంది, అక్కడ మొదట్లో ముదురు ఎరుపు, తర్వాత నలుపు. కాబట్టి ఇంజిన్ ఒకటేలే అని ఆ ఫొటో చూసి మీ అంబీకి రంగు వేయొద్దు. పైగా మనవైపు పెట్రోల్ అంబీల్లో డీజిల్ ఇంజిన్లు మార్చుకున్నవి బోలెడు. ముందు నంబర్ ప్లేటు, ఆర్‌సీ బుక్ కలుస్తున్నాయో చూడండి. మావి కలిశాయి.

తాతయ్యకి ఫోన్‌లో ఆ వలయాల ఫొటో పెద్దది చేసి చూపించా. చాలాసేపు చూశారు. "నేను చెప్పలా?" అని గెలిచినట్టు అంటారనుకున్నా. అనలేదు. సిల్వర్ పొర మీద వేలు పెట్టి, "ఇది మీ నాన్న కొట్టించాడు, చదువు అయిపోయిన ఏడు. నేను తిట్టా" అన్నారు. ఆ పొర సంగతి బాబాయ్‌కి కూడా తెలియదు. మా నాన్న ఇప్పుడు లేరు. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

చివరికి ఇంజిన్‌కి బూడిద రంగే వేయించాం. రంగు కలపడానికి ఎండ తగలని ముక్కనే షాపుకి తీసుకెళ్ళాం, సైలెన్సర్ పక్క ముక్క కాదు. కానీ డైనమో చాటున అరచేయంత చోట టేపు అంటించి వదిలేయించా. ఎరుపు, సిల్వర్, బూడిద, అన్నీ అక్కడ అలాగే ఉన్నాయి. పెయింటర్ మాత్రం "పని సగం చేశానని నన్ను తిడతారు సార్" అని గొణిగాడు.

మీ ఇంట్లో కూడా పాత బండి, ఆయిల్ ఇంజిన్ ఏదైనా ఉంటే, దసరాకి రంగు వేయించే ముందు ఒక్క పావుగంట ఆగండి. గ్రీజు తుడిచి, రూపాయి బిళ్ళంత రుద్ది, ఫొటో తీసి, ఇంట్లో పెద్దవాళ్ళకి చూపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.