దీపాల కూడలి, దీపాలు లేని రాత్రులు

న్యూయార్క్ నగరంలో బ్రాడ్వే, ఏడవ అవెన్యూ కలిసే కూడలికి పందొమ్మిదవ శతాబ్దంలో లాంగేకర్ స్క్వేర్ అని పేరు. లండన్‌లో గుర్రపు బగ్గీలు తయారయ్యే వీధి పేరును అరువు తెచ్చుకున్నారు. ఇక్కడ కూడా గుర్రపుశాలలు, బగ్గీల కార్ఖానాలే ఉండేవి. ‘న్యూయార్క్ టైమ్స్’ అధిపతి అడాల్ఫ్ ఆక్స్ అక్కడ ఎత్తైన భవనం కట్టించగా, 1904 ఏప్రిల్ 8న మేయర్ జార్జ్ మెక్లెల్లన్ ఆ కూడలికి టైమ్స్ స్క్వేర్ అని నామకరణం చేశాడు. అదే ఏడాది అక్టోబరులో భూగర్భ రైలు వచ్చింది. డిసెంబరు 31 రాత్రి ఆక్స్ బాణసంచాతో ఉత్సవం జరిపాడు. ఒక పత్రిక తన కొత్త ఇంటికి చేసుకున్న గృహప్రవేశం నగరానికి పండుగయింది.

1907లో నగరపాలకులు బాణసంచాను నిషేధించారు. దానికి బదులు దొరికినది నావికుల సంప్రదాయం. 1833 నుండి గ్రీనిచ్ వేధశాల పైన ప్రతి మధ్యాహ్నం ఒక గోళం కిందికి జారేది; దానిని చూసి ఓడల కప్తానులు గడియారాలు సరిచేసుకునేవారు. న్యూయార్క్‌లో ఇనుముతో, కొయ్యతో ఐదడుగుల వ్యాసం, 700 పౌన్ల బరువు గల గోళం చేసి, దానికి 25 వాట్ల బల్బులు నూరు అమర్చారు. సముద్రం మీద దారి తప్పకుండా కాపాడిన పనిముట్టు ఆ విధంగా వేడుకల వస్తువయింది.

1942, 1943 సంవత్సరాంతాలలో యుద్ధకాలపు దీపనియంత్రణ వలన గోళం దిగలేదు. తీరనగరాల కాంతి వెనుక ఓడల ఆకారాలు జర్మన్ జలాంతర్గాములకు స్పష్టంగా కనబడుతుండేవి; వెలుగే ప్రాణాంతకమైన కాలమది. అయినా జనం వచ్చారు. ఒక నిమిషం మౌనం పాటించారు. తరువాత లౌడ్‌స్పీకర్ల బండి నుండి గంటల నాదం వినిపించింది. ఆ కూడలికి జనాన్ని రప్పించేది దీపాలేనన్న మాటకు ఆ రెండు రాత్రులూ చెరగని సవాలు.

1945 ఆగస్టు 14న జపాన్ లొంగిపోయిన వార్త రాగానే అక్కడ ఒక నావికుడు తెల్ల దుస్తుల యువతిని ముద్దాడుతుండగా ఆల్ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్ తీసిన ఛాయాచిత్రం విజయానికి చిహ్నమై నిలిచింది. ఆమెను లోకమంతా నర్సు అనుకున్నది. ఆ యువతిగా తరువాత విస్తృతంగా గుర్తింపు పొందిన స్త్రీ దంతవైద్యశాలలో సహాయకురాలు. ఆ ముద్దు తన ఇష్టంతో జరిగినది కాదని ఆమె వృద్ధాప్యంలో చెప్పింది. సామూహిక ఆనందంలో ఒక్కరి సమ్మతి ఎంత సులువుగా కనుమరుగవుతుందో ఆ చిత్రమే సాక్ష్యం.

1970ల నాటికి కూడలి చుట్టూ నీలిచిత్రాల ప్రదర్శనశాలలు, నేరాలు పెరిగాయి. ఆ స్థానంలో కార్యాలయ భవనాలు కట్టాలన్న ప్రణాళిక వచ్చినపుడు, నిశ్శబ్దపు గాజుగోడలు ఈ చోటును చంపుతాయని మ్యునిసిపల్ ఆర్ట్ సొసైటీ వాదించింది. 1984లో ఒక రాత్రి దీపాలు ఆర్పించి, రాబోయే చీకటిని కళ్ళకు కట్టించింది. ఫలితంగా 1987లో కొత్త భవనాలు వెలిగే ప్రకటనలను విధిగా పెట్టాలని నిబంధన వచ్చింది. లోకంలో చాలాచోట్ల చట్టం ప్రకటనలకు హద్దు పెడుతుంది. ఇక్కడ కనీసపు కాంతిని శాసించింది.

దీపాలు దక్కాయి, మనుషుల సంగతి వేరు. శామ్యూల్ డెలానీ 1999లో ప్రచురించిన ‘టైమ్స్ స్క్వేర్ రెడ్, టైమ్స్ స్క్వేర్ బ్లూ’ గ్రంథం ఈ ప్రక్షాళనను పోగొట్టుకున్నవారి వైపునుండి చూస్తుంది. పాత సినిమాహాళ్ళలో వర్గ, వర్ణ భేదాలు దాటి అపరిచితులు కలిసేవారనీ, భద్రత పేరిట ఆ కలయిక అంతరించిందనీ ఆయన వాదం. నేరాలకు బలైనవారి, ఆ వీధులలో ఒంటరిగా నడవడానికి భయపడినవారి అనుభవం ఆ వాదాన్ని పూర్తిగా అంగీకరించనివ్వదు. కాని బాగుచేయడం ఎవరికోసమన్న ఆయన ప్రశ్నకు 1987 నిబంధనలో జవాబు లేదు.

జవాబు కొంత ఆ పత్రికాభవనమే చెబుతుంది. పత్రిక అధికభాగం 1913లోనే దానిని వదిలి వెళ్ళింది. 1995లో భవనాన్ని కొన్న సంస్థకు లోపల అద్దెకుండేవారికంటే బయటి గోడల మీది ప్రకటనలే లాభసాటి అని తేలింది. ఆ తరువాత చాలా ఏళ్ళు పై అంతస్తులు దాదాపు ఖాళీగానే ఉన్నాయి. ఏటా లక్షలాది జనం చలిలో నిలబడి, తలలెత్తి, అంకెలు లెక్కపెట్టినది ఆ ఖాళీ గదుల పైన దిగే గోళాన్ని చూసే.