మద్రాసు కళాశాలలో తేలిన చుట్టరికం

రాబర్ట్ కాల్డ్వెల్ 1856లో ప్రచురించిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణానికి 2026తో 170 ఏళ్లు నిండుతున్నాయి. భాషాశాస్త్ర చరిత్రలు సాధారణంగా పాణినికి నమస్కరించి, ఇరవైకి పైగా శతాబ్దాలు దాటేసి, 1786లో కలకత్తాలో సంస్కృత, గ్రీకు, లాటిన్‌లకు ఒకే మూలం ఉండాలన్న విలియం జోన్స్ దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి నేరుగా కాల్డ్వెల్. ఈ దారిలో జారిపోయిన ఘట్టం మనది, అదీ కాల్డ్వెల్‌కు నలభై ఏళ్ల ముందుది.

అప్పట్లో దక్షిణాది భాషలన్నీ సంస్కృతం బిడ్డలేనని కలకత్తా పండితుల నమ్మకం. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీదీ అదే మాట. మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దాన్ని ఒప్పుకోలేదు. 1812లో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలకు ప్రాణం ఆయనే. 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణపు పీఠికకు అనుబంధంగా రాసిన వ్యాసంలో ఎల్లిస్ తెలుగు, సంస్కృత ధాతువులను పక్కపక్కన పెట్టి అవి వేరని చూపాడు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను వరుసగా నిలబెట్టి అవి ఒకే ఇంటివని చూపాడు. ఆ తెలుగు ధాతువుల పట్టిక కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్చింది. సంస్కృతం నుంచి వచ్చిన మాటలను, అచ్చ తెలుగువైన దేశ్యాలను విడదీయడానికి ఆధారం మచిలీపట్నం వాసి మామిడి వెంకయ్య ఆంధ్రదీపిక పీఠిక.

దేశ్యం వేరని మన వ్యాకర్తలు ముందే చెప్పారు కదా, ఎల్లిస్ చెప్పిన కొత్తేమిటని అడగవచ్చు. వాళ్లు వేరుచేశారు, ఆ దేశ్యానికి తమిళ కన్నడాల్లో చుట్టాలున్నారా అని వెతకలేదు. అయితే ఘనతంతా పోల్చే పద్ధతిదేనా? అదీ కాదు. పదాలు అరువు వస్తాయి, వాటినే పోలిస్తే తెలుగు సంస్కృతంలాగే కనిపిస్తుంది. ధాతువు దాకా తవ్వడం మన వ్యాకరణ సంప్రదాయం నేర్పిన పని. ఆ పట్టిక లేకపోతే పోల్చడానికి సరుకే లేదు. అందుకే ఈ నిరూపణలో పండితులను సహాయకులనడం అన్యాయం, వాళ్లు సహరచయితలు.

1819లో ఎల్లిస్ రామనాథపురంలో చనిపోయాడు. పేరు కాల్డ్వెల్‌కు దక్కింది. ఆపై కథ ఒక్క దారిన సాగదు. 1957 నుంచి చోమ్‌స్కీ భాషాశాస్త్రపు చూపును మనసులోని వ్యాకరణం వైపు తిప్పాడు. 1961లో భద్రిరాజు కృష్ణమూర్తి మళ్లీ తెలుగు ధాతువుల దగ్గరికే వచ్చారు, రైతుల, నేతగాళ్ల వృత్తిపదాలను ఊరూరా సేకరింపజేశారు కూడా. 2018లో ఒక పరిశోధక బృందం కంప్యూటర్ గణనతో ద్రావిడ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని అంచనా వేసింది. ఆ లెక్కకు ముందు 20 భాషల పదాల్లో ఏది దేనికి చుట్టమో తేల్చిపెట్టింది మాత్రం మనుషులే.