అంటుటయు వీడుటయు

ఇన్‌ఫ్లుయెంజా వైరసు మానవుని శ్వాసనాళ కణములలో ఎట్లు చొచ్చునో, వానిని వీడి ఎట్లు వెలువడునో నేడు వైద్యవిద్యార్థు లెల్లరు చదువుదురు గాని, ఆ మర్మమునకు తొలిజాడ కోడిగ్రుడ్డులో ప్రమాదవశమున చిందిన నెత్తుటియందు లభించెనని ఎఱిగినవారు అరుదు.

1933లో లండను నగరమున స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు శాస్త్రజ్ఞులు రోగి గొంతు కడిగిన ద్రవమును ఫెరెట్ల ముక్కులలో వేసి ఈ వైరసును వశపఱచుకొనిరి. పిమ్మట దానిని పొదిగిన గ్రుడ్లలో పెంచు పద్ధతి ప్రబలెను. 1941లో న్యూయార్కునందలి రాక్‌ఫెల్లర్ ప్రయోగశాలలో జార్జి హర్స్ట్, వైరసు సోకిన గ్రుడ్డునుండి ద్రవమును తీయుచుండగా, పిండపు రక్తనాళము తెగి నెత్తురు అందు కలియగా, ఎఱ్ఱకణములు గుంపులుగా పేరుకొనుట గాంచి, చెడిన ద్రవమని పాఱబోయక దానినే పరిశోధింపసాగెను. వైరసు లేని గాజుగొట్టములో ఎఱ్ఱకణములు జాఱి అడుగున చిన్న చుక్కగా చేరును. వైరసున్నచో ఒండొంటి నంటి అడుగంతయు పలుచని పొరగా పఱచుకొనును. నేటికిని ప్రయోగశాలలలో ఈ పరీక్ష వాడుకలో నున్నది.

ఈ చరిత్రలో మిక్కిలి రమణీయమైన ఘట్టము దీని తరువాతిదని నా విశ్వాసము. చల్లదనమున కణముల నంటియుండు వైరసు, దేహోష్ణమున కొన్ని గంటలుంచినచో తనంతట తానే వీడిపోవుటయు, వీడిన వైరసు క్రొత్తకణముల నంటుటయు, అది వీడిపోయిన పాతకణములు మాత్రము మరల దానిని గ్రహింపకుండుటయు హర్స్ట్ గమనించి, కణముపైనున్న ఏదో పదార్థమును వైరసు హరించుచున్నదని ఊహించెను. మెల్‌బోర్నులో బర్నెట్ బృందము కలరా సూక్ష్మజీవి స్రవించు పదార్థమునకును ఇట్టి శక్తియే కలదని కనుగొనెను. అచటనే గాట్‌షాక్ ఆ హరింపబడునది సియాలిక్ ఆమ్లమని తేల్చి, 1957లో దానిని కోయు ఎంజైమునకు న్యూరమినిడేజని నామకరణము చేసెను.

హీమాగ్లుటినిన్ అను ముల్లుతో వైరసు సియాలిక్ ఆమ్లమును పట్టుకొనగా, కణమే దానిని ఒక తిత్తిలో లోనికి గైకొనును, తిత్తి ఆమ్లమయ మగుటతో ముల్లు రూపుమాఱి పొరలను కలిపివేయును, ఎనిమిది ఆర్.ఎన్.ఏ. తునకలు కేంద్రకమును చేరి తమ ప్రతులను వ్రాయించుకొనును. నూతన సంతతి కణపు పొరనే కప్పుకొని వెలుపలికి పొటమరించును గాని, ఆ పొరపైనను సియాలిక్ ఆమ్లమే యుండుటచే, న్యూరమినిడేజు దానిని కోయనిదే అది కణమును వీడజాలదు. ఆ ఎంజైమును నిరోధించినచో పిల్లవైరసులు కణమునకును ఒండొంటికిని అతుకుకొని నిలిచిపోవునని 1970ల దశకమున పలేసీ బృందము ప్రదర్శించెను.

ఈ ఎంజైమును అడ్డగించు జనామివిర్, ఒసెల్టామివిర్ 1999లో వాడుకలోనికి వచ్చినవి. 2009 మే మాసమున మన దేశపు తొలి స్వైన్‌ఫ్లూ రోగి హైదరాబాదులో నిర్ధారితుడైన పిమ్మట, టామిఫ్లూ అను పేర తెలుగువారి యిండ్లలో వినబడినది ఈ ఒసెల్టామివిరే. వైరసు కణమునుండి కణమునకు ప్రాకిన కొలది దీని ప్రయోజనము సన్నగిల్లును గనుక, వృద్ధులకు, గర్భిణులకు, ఉబ్బసరోగులకు ఫ్లూ సోకినదని తోచినప్పుడు జ్వరము వచ్చిన రెండు దినములలోపలనే వైద్యుని దర్శింపవలెను.