మాత్రల లెక్క: రికర్షనా, పట్టికా?

ఛందస్సులో గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. మరి నాలుగు మాత్రలకు ఎన్ని అమరికలు? గగ, గలల, లగల, లలగ, లలలల: మొత్తం అయిదు. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఈ లెక్కకు సూత్రం చెప్పాడు: వెనకటి రెండు సంఖ్యలను కూడితే తర్వాతిది వస్తుంది. 1, 2, 3, 5, 8, 13...

1960 నాటి లిస్ప్, ఆల్గాల్ భాషల్లో ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు రాసేయవచ్చు. ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటుంది; అదే రికర్షన్. రాత ముచ్చటగా ఉంటుంది కానీ, చేసిన లెక్కే మళ్లీ మళ్లీ చేస్తుంది. 30 మాత్రలకు ఫంక్షన్ 26,92,537 సార్లు నడుస్తుంది!

పట్టిక నింపుకుంటూ పోతే 29 కూడికలతో సరి. 1950లలో రిచర్డ్ బెల్‌మన్ రూపొందించిన డైనమిక్ ప్రోగ్రామింగ్‌కు ప్రాణం ఇదే. 1968లో డొనాల్డ్ మికీ ప్రతిపాదించిన మెమో ఫంక్షన్లు, వచ్చిన జవాబును దాచుకునే నేర్పును రికర్షన్‌కూ ఇచ్చాయి.

గడులన్నీ కావలసినప్పుడు పట్టిక మేలు; కొన్నే అవసరమైతే మెమోతో కూడిన రికర్షనే మేలు.