రాజూ కాదు, రాణీ కాదు... సిల్వెస్టర్!

డిస్కో అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది బప్పీ లహిరి, మిథున్ చక్రవర్తి. ఇంకాస్త ముందుకెళితే మన బాలకృష్ణ ‘డిస్కో కింగ్’ (1984). మెరిసే కోటు, తిరిగే లైట్లు... అంతే! అసలు ఆ సంగీతం ఎవరి మధ్య పుట్టిందో మనం పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో నల్లవాళ్ళు, లాటినోలు, గేలు, అంటే బయట ఎవరూ దగ్గరికి రానివ్వని జనం, రాత్రిళ్ళు చేరే క్లబ్బుల్లో పెరిగిన సంగీతం అది. వాళ్ళలో తనగురించి ఏదీ దాచకుండా స్టేజీ ఎక్కినవాడు సిల్వెస్టర్.

మనకి స్వాతంత్ర్యం వచ్చిన మూడు వారాలకి, 1947 సెప్టెంబర్ 6న, లాస్ ఏంజెలెస్ లోని వాట్స్ అనే పేటలో పుట్టాడు. చిన్నప్పుడు పెంతెకోస్తు చర్చిలో పాడేవాడు. పిల్లాడు గే అని తెలిశాక ఆ చర్చివాళ్ళే మొహం తిప్పుకున్నారు. పదమూడో ఏట చర్చి వదిలేశాడు, తర్వాత ఇల్లు కూడా. ఆదరించింది అమ్మమ్మ.

1970లో శాన్ ఫ్రాన్సిస్కో చేరి ‘కాకెట్స్’ అనే నాటక బృందంలో ఆడవేషంలో పాత బ్లూస్ పాటలు పాడాడు. 1973లో ఒక రాక్ బ్యాండుతో రెండు ఆల్బములు వేశాడు, అమ్ముడుపోలేదు. దశ తిరిగింది 1978లో, ‘యూ మేక్ మీ ఫీల్ (మైటీ రియల్)’ పాటతో. మొదట అది పియానో మీద నడిచే, చర్చి పాటలాంటి పాట. రిహార్సల్ చూసిన ప్యాట్రిక్ కౌలీ దానికి సింథసైజర్ జోడిస్తానన్నాడు. ఆ పాట అమెరికా డాన్సు పాటల జాబితాలో మొదటి స్థానానికీ, బ్రిటన్లో 8వ స్థానానికీ వెళ్ళింది.

ఆ పాట విన్నప్పుడల్లా నాకనిపించేది ఒకటే. కింద దరువు యంత్రానిది, పైన ఆ సన్నటి గొంతు మాత్రం అచ్చంగా చర్చిది. చర్చి అతన్ని దూరం పెట్టింది గానీ, అతను చర్చిని వదల్లేదు, డిస్కోకి తీసుకొచ్చేశాడు!

1979 మార్చి 11న శాన్ ఫ్రాన్సిస్కో ఆపెరా హౌస్ లో అతని కచేరీ. ఆరోజే ఊరి తాళంచెవి ఇచ్చి గౌరవించారు. నాలుగు నెలలు తిరగ్గానే, జూలై 12న, షికాగో బేస్ బాల్ మైదానంలో డిస్కో రికార్డులు కుప్పపోసి పేల్చేశారు. గిట్టనిది సంగీతం ఒక్కటేనా, దాన్ని పాడే మనుషులు కూడానా? రెండోదీ ఉందనే నా అభిప్రాయం. ఆ గాలికి రికార్డు కంపెనీ కూడా భయపడి, వేషం కాస్త తగ్గించుకోమంది. మనవాడు కంపెనీనే మార్చేశాడు!

1982లో కౌలీతో కలిసి చేసిన ‘డూ యా వానా ఫంక్’ మళ్ళీ హిట్టు. అదే ఏడాది నవంబర్ లో కౌలీ ఎయిడ్స్ తో పోయాడు. 1986 చివర్లో టీవీలో జోన్ రివర్స్ అతన్ని ఆడవేషగాడన్నట్టు మాట్లాడితే, కాదు, నేను సిల్వెస్టర్ ని అని సరిదిద్దాడు. 1987లో జీవన సహచరుడూ అదే జబ్బుతో పోయాడు. చాలామంది పేరున్నవాళ్ళు రోగం పేరు బయటికి రానివ్వని రోజులవి. ఇతను మాత్రం 1988 జూన్ ఊరేగింపులో, చక్రాల కుర్చీలో, ఎయిడ్స్ రోగుల బ్యానర్ తో పాటు అందరిముందూ వెళ్ళాడు. డిసెంబర్ 16న పోయాడు, 41 ఏళ్ళకి.

పాటలమీద వచ్చే రాయల్టీ రెండు ఎయిడ్స్ సహాయ సంస్థలకి రాసిపోయాడు. అందులో ఒకటి రోగులకి ఇంటికి భోజనం పంపే ‘ప్రాజెక్ట్ ఓపెన్ హ్యాండ్’. ముందు కంపెనీ బాకీలు తీరాలిగా, ఆ డబ్బు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2019లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ‘మైటీ రియల్’ని దేశం భద్రపరచుకోవాల్సిన రికార్డుల్లో చేర్చారు.

చర్చీ, కంపెనీ అతనికి చెప్పింది ఒకటే: కొంచెం తగ్గు. మంచికోరి చెప్పినట్టే ఉంటుంది ఆ మాట, మన ఇళ్ళలో కూడా. తగ్గి ఉంటే ఇంకో నాలుగు రికార్డులు అమ్ముడుపోయేవేమో. కానీ ఆ గొంతుని నిలబెట్టింది తగ్గకపోవడమే.