బెలుం దారిలో నెమ్మది పాఠం

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల పైభాగం చదునైన నేల. దగ్గరకు వెళ్ళి బావుల వంటి గుంతలను చూసేదాకా కింద ఇంత గుహ ఉందన్న ఊహ కలుగదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని ఉనికిని నమోదు చేశాడు. దాదాపు నూరేళ్ళ తరువాత, 1982–84 మధ్య, డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలి దారులను శోధించింది. 3,229 మీటర్ల ఈ గుహను నీరు సున్నపురాయిని కరిగిస్తూ యుగాల తరబడి తొలిచింది. నెమ్మది ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఫుట్ బెలుంను గుర్తించిన మరుసటి ఏడాదే, 1885లో, ఇంగ్లాండులో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిల్‌ను తెచ్చాడు. అంతకుముందున్న ఎత్తుచక్రపు బండి మీద నుంచి పడితే తల పగిలేది. కొత్త బండిలో చక్రాలు దాదాపు సమానం. గొలుసు వెనుకచక్రాన్ని తిప్పుతుంది. 1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి టైరును జతచేశాడు. సామాన్యుడు సుఖంగా తిరిగే సాధనం సిద్ధమైంది.

కాని లోకం పందేలవైపే మొగ్గింది. 1903లో 'టూర్ ద ఫ్రాన్స్' ఆరంభమైంది. గొలుసును ఒక పళ్ళచక్రం నుంచి మరొకదానికి మార్చే గేర్లను ఆ పందెంలో 1937 దాకా అనుమతించలేదు. శ్రమ తగ్గడమే దోషమన్నట్టు! అదే దేశంలో 'వెలోసియో' అన్న కలంపేరుతో ప్రసిద్ధుడైన పాల్ ద వివీ మాత్రం గేర్లను సమర్థించాడు. ఆకలికి ముందే తినమని, దాహానికి ముందే తాగమని, అలసటకు ముందే ఆగమని, గొప్పకోసం తొక్కవద్దని బోధించాడు. వైద్యుడు కాకపోయినా అతడు చెప్పినది వైద్యమే.

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు చికిత్స చేసిన పాల్ డడ్లీ వైట్ కూడా నడకను, సైకిల్‌ను ప్రోత్సహించాడు. గుండెజబ్బు వచ్చినవారిని వారాల తరబడి మంచాన ఉంచే కాలమది.

నేడు పదవీ విరమణ తరువాత సైకిల్ కొన్నవారిలో కొందరు తొలిరోజునుంచే చేతి గడియారంలో వేగాన్ని లెక్కిస్తారు. మోకాలు నొచ్చగానే బండిని మూలన పెడతారు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలిగితే మీ వేగం తగినదే. మాట తెగుతుంటే తగ్గించండి. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు ఎత్తు సరిచేసుకోండి. ఛాతీలో బరువు, తలతిరుగుడు అనిపిస్తే వెంటనే ఆగి వైద్యుని సంప్రదించండి. గుండెజబ్బు ఉన్నవారు ముందే సలహా తీసుకోవాలి. రాయలసీమ ఎండలో ఉదయమే మేలు.

ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు నివసించిన చోటు బెలుం. గుహల దగ్గర నేడొక పెద్ద బుద్ధ విగ్రహం ఉంది. సైకిల్ ఆపి కాసేపు దాని ఎదుట కూర్చోండి. ఆయన బోధించిన మధ్యేమార్గం శరీరానికీ వర్తిస్తుంది: కదలకపోవడమూ వద్దు, కుమిలిపోయేంత శ్రమా వద్దు.